ఇరుకు వాకిలికి వెడల్పు లెన్సు

దువ్వాడ వెయిటింగ్ రూములో నేనొక ముసలాయనతో తగువు పెట్టుకున్నానని మావారు అందరికీ చెబుతారు. తగువు కాదు, సలహా.

ఆ ముసలాయన పాతపట్నం ఫోటోగ్రాఫరు. పెద్ద ఫిల్మ్ కెమెరా లెన్సులు రెండు ఒళ్ళో పెట్టుకుని ఏది వాడాలో తేల్చుకోలేకపోతున్నాడు. ఒకటి కిటికీకేసి ఎత్తితే, ప్లాట్‌ఫాం అంతా అందులో తలకిందులుగా, నిశ్శబ్దంగా తేలింది.

"రేపు మా ఇల్లు కూల్చేత్తారమ్మా. ఈలోగా ఇంటి ముందర అందరినీ నిలబెట్టి ఫోటో తియ్యాల. ఒక్క ఫోటోకే ఫిల్ముంది. వాకిలి ఇరుకు, ఎనక్కి జరగలేను. ఈ వెడల్పుదైతే అందరూ పడతారు గానీ అంచునున్నోళ్ళ మొహాలు సాగిపోతాయి. రెండోదైతే కోడళ్ళిద్దరూ బయటుండాల."

"కోడళ్ళే ఎందుకుండాలి? వెడల్పుదే పెట్టి, అంచుల్లో మీ కొడుకుల్ని నిలబెట్టండి" అన్నాను.

"ఆళ్ళు ఒప్పుకోరు తల్లీ" అని నవ్వాడు. నవ్వుతూనే రెండోదాన్ని గుడ్డలో చుట్టి సంచిలో పెట్టేశాడు. వెడల్పు లెన్సు అరచేతిలో ఉంచుకునే రైలెక్కాడు.

ఇంతకీ ఆ ఫోటోలో ఎవరి మొహాలు సాగాయి?