పారో లోయకు నేను పూసిన సముద్రం

సింగపూర్‌లోని జురాంగ్ ఈస్ట్‌లో మా ఫ్లాట్ కారిడార్‌లో మిరపకాయలు ఆరబోస్తే ఇప్పటికీ రెండో రోజుకే మెత్తబడి ముక్కిపోయిన వాసన వేస్తాయి. ఈ చెమ్మలో ఏదీ గలగలమని ఎండదు. ఆ వాసన తగిలితే సునందా, పాతికేళ్లయినా చల్లారని నా కడుపుమంటా గుర్తొస్తాయి.

కంప్యూటర్ ఉద్యోగాల కోసం మనవాళ్లు వారానికో కుటుంబం చొప్పున సింగపూర్‌లో దిగుతున్న రోజులవి. భూటాన్‌లోని పారో లోయలో బడిపిల్లలకు లెక్కలు చెప్పిన సునంద వాళ్ల నాన్నగారు, కోడింగ్ నేర్చుకుని మా నాన్న ఆఫీసులోనే చేరి, మా పై అంతస్తులో దిగారు. వచ్చిన నాటినుంచీ ఆ పిల్ల నోట కొండలే. పొద్దున్నే కిటికీ తీస్తే మబ్బు గదిలోకి వచ్చేదట, మధ్యాహ్నపు గాలికి ఎగిరిపోకుండా ఇంటికప్పు చెక్కల మీద రాళ్లు పెట్టేవారట, చలి ముదిరేలోగా ఊళ్లో కప్పులన్నీ మిరపకాయలతో ఎర్రబడేవట, ఏటి నీళ్లలో చెయ్యి పెడితే వేళ్లున్నాయో లేదో తెలిసేది కాదట. నేనెక్కిన కొండలంటే మా బ్లాకు మెట్లే. వాళ్లమ్మ మిరపకాయలూ చీజూ కలిపి వండి పంపిన కూరను, అమ్మ వంటను ఏనాడూ మెచ్చుకోని మా గుంటూరు నాన్న మూడుసార్లు వడ్డించుకుని, "కారమంటే ఇదీ!" అన్నప్పుడు అమ్మకంటే ఎక్కువగా నేనే మాడిపోయాను.

"అయితే ఏంటి లా? మీకు సముద్రం లేదుగా," అన్నాను ఓరోజు, మాటకు 'లా' తగిలించే మా సింగపూర్ యాసలో.

"లేదే. నాలుగువైపులా నేలే," అంది నవ్వుతూ.

ఐదో క్లాసులో మిస్ ఏదైనా దేశం నమూనా చేసి తెమ్మన్నారు. నేను అట్టముక్క మీద సింగపూర్ అతికించాను, చపాతీలా. సునంద వారంపాటు న్యూస్‌పేపర్లు మైదా జిగురులో నానబెట్టి, వేళ్లతో లోయలు నొక్కి, శిఖరాలకు దూది అంటించి, అగ్గిపెట్టె ఇళ్ల కప్పుల మీద ఎర్ర దారపు ముక్కలు ఆరబోసింది. మా కారిడార్‌లో ఎండ బాగా పడుతుందని అక్కడే ఆరబెట్టి వెళ్లింది. ఎవరూ లేనప్పుడు, అస్సాం ఉండాల్సిన చోట నేను నీలం రంగు తీసుకుని సముద్రం పూసేసి, బడికి మోసుకెళ్లే అట్టపెట్టెలో పెట్టి మూసేశాను.

క్లాసంతా నవ్వింది. "భూటాన్‌కి సముద్రమా? ఎవరు వేశారు?" అన్నారు మిస్. సునంద ఒక్కసారి నావైపు చూసింది.

"నేనే మిస్," అంది.

బడిలో మంచి నమూనాలు పెట్టే అద్దాల బీరువాలోకి నా చపాతీ సింగపూర్ ఎక్కింది. ఇంటికొస్తూ లిఫ్టులో, "అడిగితే నీకూ ఓ కొండ చేసిచ్చేదాన్ని కదే," అంది సునంద. మా అంతస్తు రాగానే నేను దిగిపోయాను.

తరవాత కంపెనీలు మూతబడ్డాయి, వాళ్ల నాన్నగారి ఉద్యోగం పోయింది, వాళ్లు వెళ్లిపోయారు. నేను గొప్పలు పోయిన సముద్రంలో కొంత, పడమటి తీరాన తువాస్ వైపు ఇసుకతో పూడ్చేసరికి, ఇప్పుడు నేలైపోయింది. నిరుడు పారో వెళ్లాను. నేను చూసిన ఇళ్లకు రేకుల కప్పులే, రాళ్లు కనిపించలేదు. కిటికీ తీస్తే మబ్బు మాత్రం నిజంగానే గదిలోకి వచ్చింది. అక్కడా కుళ్లుకున్నాను.

కొండల్ని టికెట్టు కొని చూసొచ్చాను. అంతమంది ముందు లేచి నిలబడి "నేనే" అన్న ఆ పదేళ్ల పిల్లంటేనే ఇంకా అసూయ. ఆ మాట నేననాల్సింది. రంగు పూసింది నేనే, సునందా.