కాకీ ముట్టిన గారె

ఆ రోజుల్లో రాయపూర్‌లో పెరిగిన తెలుగు పిల్లలం గుమ్మం లోపల ఒక భాష, గుమ్మం బయట ఒక భాష మాట్లాడేవాళ్ళం. సరిగ్గా గుమ్మం మీద నిలబడ్డప్పుడే వచ్చేది చిక్కు. 'అమ్మా, పానీ కాగింది', 'నాన్నా, జల్దీ లేవండి' లాంటి వాక్యాలన్నీ అక్కడ పుట్టినవే. వాటిని తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. కానీ పదేళ్ళ వయసులో అదే గుమ్మం దగ్గర నేనన్న ఒక్క మాట వల్ల మా మామ్మ ఈ ఊళ్ళో ఉండిపోయింది. ఆ మాట నిజమో అబద్ధమో మాత్రం ఇన్నేళ్ళయినా నేను తేల్చుకోలేకపోయాను.

మామ్మంటే మా నాన్న తల్లి. తాత పోయిన మరుసటి ఏడు నాన్న వెళ్ళి ఆవిడను పార్వతీపురం నుంచి మా రైల్వే క్వార్టర్‌కు తీసుకొచ్చాడు. వచ్చిన రోజు నుంచి ఆవిడకు ఇక్కడ ఏదీ నచ్చలేదు. నీళ్ళు చప్పన, వంకాయలు చేదు, మనుషులేమో మాట్లాడుతుంటే ఒక్క ముక్క అర్థం కాదు. నాకు మాత్రం ఆవిడ రాక పండగే. ఉదయం నొప్పి తెలియకుండా చిక్కు తీసి జడ వేసేది, మధ్యాహ్నం బడి నుంచి రాగానే చారన్నం కలిపి ముద్దలు పెట్టేది. (అమ్మ జడ వేస్తే కళ్ళు పైకి లాక్కుపోయి బళ్ళో అందరూ నన్ను కొత్తమ్మాయి అనుకునేవారు.) అలాంటి మామ్మ, భాద్రపదం రాగానే, నాన్నను కూర్చోబెట్టి తన తీర్పు చెప్పేసింది.

"పెద్దల అమాసకి మీ నాన్నకి ఇక్కడే పెడదాం. కాకి ముట్టిందా, ఆయనకీ ఊరు ఇష్టమేనన్నమాట, నానుంటాను. ముట్టనేదా, తెల్లారి రైలెక్కీస్తాను. ఆపేవంటే ఊరుకోను."

నాన్న సరేనన్నాడు. ఆయనకు అంతకన్నా గతి లేదు.

పీట పెట్టే పని నాకూ మామ్మకూ పడింది. వెనక వరండాలో బొగ్గుల సిగ్డీని, అదే కుంపటిని, జరిపి, పేడతో అలికి, ముగ్గు వేశాం. నాన్న ఒక పాత చెక్కపెట్టె తెచ్చి బోర్లిస్తే, "మీ నాన్న మనిసనుకున్నావా, సామాననుకున్నావా, పెట్టి మీద కూకోబెడతావు?" అని మామ్మ కసిరింది. చివరికి నేను కూర్చుని అన్నం తినే పీటకే ఆ గౌరవం దక్కింది. దాని మీద తాత పంచె మడిచి పరిచి, ఒక కాడ విరిగితే దారం కట్టుకున్న ఆయన కళ్ళజోడు, పొడుం డబ్బా పెట్టాం. ఫోటో లేదు, తాతకు ఫోటో తీయించుకునేంత తీరిక ఎన్నడూ దొరకలేదట. పీట దక్షిణం వైపు తిరిగి ఉండాలని నాన్న అంటే మామ్మ ఒప్పుకోలేదు. "మీ నాన్న దక్షిణం నుంచి రాడ్రా, పార్వతీపురం నుంచి వస్తాడు" అని, పీటను స్టేషన్ వైపు తిప్పించింది.

మా పిట్టగోడ అవతల ఒక ఛత్తీస్‌గఢీ ఆవిడ ఉండేది. ఇక్కడ పిన్ని వరసైన వాళ్ళను కాకీ అంటారు కనుక, వీధిలో పిల్లలందరికీ ఆవిడ కాకీ. పెద్దలకు పెట్టే ఆ పితృపక్షం మొదటి రోజు నుంచీ కాకీ తన గడప కడిగి, చెంబుతో నీళ్ళూ, ఒక పళ్ళుతోముపుల్లా పెట్టేది. దూరం నుంచి వచ్చే పెద్దలు ముఖం కడుక్కోవాలిగా! మామ్మ అది గోడ మీంచి చూసి, "ఈవిడికి మర్యాద తెల్సును" అని, తాత పీట దగ్గరా ఒక వేపపుల్ల పెట్టించింది. అమావాస్య నాడు అరిటాకు దొరక్కపోతే కాకీయే బీరాకులు కోసి ఇచ్చింది. వాళ్ళు పెద్దలకు వడ్డించేది వాటిలోనే. ఈ ఊరిలో మామ్మ కాదనకుండా పుచ్చుకున్న మొదటి వస్తువు అదే.

నాన్న పొద్దున్నే నీళ్ళు వదిలి డ్యూటీకి వెళ్ళిపోయాడు. మామ్మ గారెలు, పరమాన్నం ఆకులో వడ్డించి, పెరట్లో గట్టు మీద పెట్టి, నన్ను కాపలా ఉంచింది. కాకి ముట్టేదాకా తను మెతుకు ముట్టదు. ఇక్కడే వచ్చింది ఇబ్బంది. రాయపూర్‌లో పెద్దలకు పదిహేను రోజులూ పెడతారు. చివరి రోజున మా వంతు వచ్చేసరికి వీధిలో కాకులన్నీ పదిహేను రోజుల విందులు తిని, ఇక చాలు బాబోయ్ అన్నట్టు రేకుల మీద కూర్చుని ఉన్నాయి. దానికి తోడు చినుకులు మొదలయ్యాయి. గారెలు తడుస్తాయని నేను నాన్న నల్లగొడుగు తెచ్చి ఆకు మీద పట్టుకుని నిలబడ్డాను. (నల్లగొడుగు పట్టుకున్న మనిషి దగ్గరికి ఏ కాకీ రాదని నాకు పెద్దయ్యాక ఎవరో చెప్పారు. ఆ రోజు చెప్పి ఉంటే బాగుండేది.)

"కాకొచ్చిందేటే?" అని లోపలి నుంచి మామ్మ.

"రాలేదు మామ్మా."

గంట గడిచింది. మళ్ళీ అదే ప్రశ్న, మళ్ళీ అదే జవాబు. మూడోసారి ప్రశ్న రాలేదు, రేకు పెట్టె మూత తెరిచిన చప్పుడు వచ్చింది. మామ్మ చీరలు సర్దుకుంటోంది. నాకు దుఃఖం ఆగలేదు. గొడుగు కింద నిలబడి బావురుమన్నాను.

కాకీ పరుగున వచ్చింది. "ఝన్ రో నోనీ, ఝన్ రో" అని, ఏడవొద్దు తల్లీ అంటూ, కొంగుతో నా ముక్కు తుడిచింది. ఎవరూ తినడం లేదని, మామ్మ వెళ్ళిపోతుందని వెక్కుతూనే చెప్పాను. ఆవిడ ఆకు వంక చూసి నవ్వింది. ఈ రోజు గుమ్మంలోకి ఎవరొచ్చినా పితరులే కదా అని తన భాషలో అంటూ, ఒక గారె తీసుకుంది. బాగున్నట్టుంది, రెండోదీ తీసుకుంది. తరవాత పరమాన్నంలో వేలు ముంచి నోట్లో పెట్టుకుని, "గుడ్ కమ్తీ హే" అంది.

"ఏటే, కాకొచ్చిందా?"

"కాకీ వచ్చింది మామ్మా!"

"ముట్టిందా?"

"రెండు గారెలు తినేసింది!"

రేకు పెట్టె మూత ధన్‌మని మూసుకుంది. అప్పుడు వెలిగింది నాకు, మామ్మ అడిగిన కాకి ఏదో, నేను చెప్పిన కాకీ ఎవరో. దిద్దుదామని నోరు తెరిచాను. మూసుకున్నాను. మామ్మ ఉంటుంది కదా, ఇంకేం కావాలి?

"పరమాన్నం?" అంది మామ్మ సంబరంగా.

"అదీ తింది. బెల్లం తక్కువైందంది."

నా నోరు సంగతి అంతే. మామ్మ గుమ్మంలోకి వచ్చి ఆకును చూసింది, గొడుగును చూసింది, వేలు నోట్లో ఉన్న కాకీని చూసింది. నేను కళ్ళు మూసుకున్నాను.

"ఏటందీ?"

"బెల్లం... తక్కువని."

మామ్మ అలాగే గడప మీద కూలబడింది. "నలభయ్యేళ్ళు వండి పెట్టానే మీ తాతకి. పెతీసారీ ఇదే మాట. ఒక్కనాడు బాగుందనలేదు!" అని పకపకా నవ్వింది. నవ్వుతూనే కళ్ళు ఒత్తుకుంది. తప్పు చేశానేమోనని కాకీ వెనక్కి తిరిగి వెళ్ళబోతుంటే, చెయ్యి పట్టుకు తీసుకెళ్ళి కూర్చోబెట్టి, ఇంకో గారె వేసి, పక్కన బెల్లం గడ్డ పెట్టింది. "తిను తల్లీ. రైల్లో ఎంత అలిసిపోయి వచ్చినావో" అంది. ఆ తరవాతే తను తింది. సాయంత్రం నాన్న భయం భయంగా, "కాకి ముట్టిందా అమ్మా?" అని అడిగితే, "ముట్టిందిరా, వంకెట్టి మరీ ముట్టింది" అని చీరలు మళ్ళీ దండెం మీద వేసుకుంది.

ఆ తరవాత మామ్మ పదకొండేళ్ళు మాతోనే ఉంది. ఏటా ఆ అమావాస్యకు కాకీకి మొదటి గారె. ఒకరు తెలుగులో, ఒకరు ఛత్తీస్‌గఢీలో గంటలు గంటలు మాట్లాడుకునేవారు. ఏం అర్థమయ్యేదో ఇద్దరికే తెలియాలి.

ఇప్పుడు నేను రాయపూర్‌లోనే తెలీబంధా పేటలో మూడో అంతస్తులో ఉంటున్నాను. మావారు తన పెద్దలకు పెట్టే పీట మీదే ఒక వారగా మామ్మ దువ్వెన కూడా పెడతాను (శాస్త్రం ఒప్పుకోదట, మామ్మ ఒప్పుకుంటుంది). మొన్నటి అమావాస్యకు బాల్కనీలో ఆకు పెట్టి ఎంతసేపు చూసినా కాకి జాడ లేదు. పక్కింటి చిన్నపిల్ల కటకటాల్లోంచి తొంగిచూసి, "కాకీ, కౌవా నహీ ఆయా?" అని, కాకి రాలేదా అంటూ జాలిగా అడిగింది.

ఆ పిలుపు నాకే. ఈ అంతస్తు పిల్లలందరికీ నేనే కాకీని. ఆ మాట ఎన్నేళ్ళ నుంచి వింటున్నానో, ఆ రోజే చెవికెక్కింది. చుట్టూ చూసి, పరమాన్నంలో వేలు ముంచి నోట్లో పెట్టుకున్నాను.

బెల్లం తక్కువే అయింది.