కారు లేని గ్యారేజీ, నెయ్యి డబ్బా కుంపటి

మంచం కింద నిప్పులు పెట్టుకుని, తలుపులన్నీ బిగించి పడుకుని, తెల్లారి తల బరువెక్కితే మీరు ముందు ఎవరిని అనుమానిస్తారు? దిష్టినా, పొరుగింటావిడనా? నవ్వకండి. నిన్న మా బంధువులింట బాలింతను చూడబోతే ఆ గది సరిగ్గా అలాగే ఉంది. కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కారు. ఆ పిల్ల తలనొప్పి అంటుంటే వాళ్లమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పుతోంది. లోపలి వేడి ముఖానికి కొట్టగానే నాకు బహ్రెయిన్ గుర్తొచ్చింది.

తొంభైల్లో అక్కడ నయీమ్ అనే పేటలో, ఒక పాత ఇంటి వెనక విడిగా కట్టిన చిన్న గ్యారేజీలో ముగ్గురం ఉండేవాళ్లం. కారు వీధిలో, మనుషులం కారు గదిలో. గల్ఫ్‌లో చలేమిటంటారేమో. జనవరిలో సముద్రపు తడిగాలి రేకు షట్టరు కింద నుంచి దూరి ఎముకలు కొరికేది. హీటరు పెడితే వైర్లు కాలతాయని, మా వీసా యజమాని కఫీల్ కుదరదని ఒక్క ముక్కలో ఖలాస్ అనేశాడు. కొనే స్తోమతా మాకు లేదు. మాలో పెద్దవాడు, అమలాపురం వైపు వంటమనిషి, మేం మామ అనేవాళ్లం, ఖాళీ నెయ్యి డబ్బాలో ఇసుక పోసి కుంపటి చేశాడు. కబాబుల కొట్టువాడు పారేసే బొగ్గులే మాకు దిక్కు. షట్టరు కింద సందులో సిమెంటు సంచులు కుక్కాం.

“మనమేమన్నా బాలింతలమా మామా?” అన్నాను.

“పురుడొస్తే కదరా నీకు దీని సుఖం తెలిసేది! మూసుకుని కాళ్లు చాపు.”

వారం తిరక్కుండా నాకూ, జగిత్యాల వైపు నుంచి వచ్చిన మేస్త్రీ అన్నకూ పొద్దున లేవగానే తలపోటు, వాంతులు.

“గీ కొట్టంల ఏదో ఉన్నది తమ్మీ. ఛాతి మీద కూసుంటున్నది” అని అన్న షట్టరుకు నిమ్మకాయ కట్టాడు. నేనేమో ఊళ్లో దయ్యాలు లేవని సభలు పెట్టి వాదించినవాణ్ణి. ఆ నిమ్మకాయ తెంపి షర్బత్ చేసుకు తాగాను.

కానీ నా అనుమానం అన్న చెప్పిన దయ్యం కంటే నీచమైనది. మామకు మాత్రం తల ఎందుకు నొప్పెట్టదు? పడుకునే ముందు మాకు టీ ఇచ్చేది ఆయనే. గుదైబియా పేటలో ఉండే ఆయన బావమరిది వేరే చోటు కోసం వెతుకుతున్నాడు. ఇంకేం, మా పక్కలు ఖాళీ చేయించడానికే! మూడు రోజులు టీ గుట్టుగా బయట పారబోశాను. అయినా తల పగిలిపోయింది. హేతువాదినైతే అక్కడ ఆగి ఆలోచించాలి కదా. నేను పప్పును అనుమానించాను.

ఒక శుక్రవారం పొద్దున అన్న లేవలేదు. కుదిపినా పలకలేదు. మామ షట్టరు పైకెత్తేశాడు. నేను ఆయన కాలరు పట్టుకున్నాను: “టీలో ఏం కలిపావ్?”

“పంచదారరా అబ్బాయ్, పంచదార! ముందు వాడి కాళ్లట్టుకో!”

ఆస్పత్రిలో మలయాళీ నర్సు అడిగింది ఒక్కటే: గదిలో బొగ్గు కాల్చారా? రంగూ వాసనా లేని విషవాయువు బొగ్గు నిప్పుల నుంచి వస్తుందని, మూసిన గదిలో అదే చంపుతుందని చెప్పింది. సాయంత్రానికి ఆక్సిజన్ ముసుగులోంచి అన్న కళ్లు తెరిచాడు.

గ్యారేజీకి వచ్చి పక్కలు చూశాను. షట్టరు మూల వంగిపోయి, ఏ సంచీ పట్టని చోట, గాలి నేరుగా ముఖాన కొట్టే చోట మామ చాప ఉంది. వెచ్చటి మూలలు మాకిచ్చి చలిని తాను తీసుకున్నాడు. ఆ చలే ఆయన్ని కాపాడింది. మర్నాడు ఆయనిచ్చిన టీ చుక్క మిగల్చకుండా తాగాను.

నిన్న ఆ బాలింత గది కుంపటిని నేనే పెరట్లోకి మోశాను. “మా అమ్మమ్మ నాటి నుంచీ ఇంతేనండీ, ఎవరికేమైంది?” అంది తల్లి. ఏమైనవాళ్లు వచ్చి చెప్పరమ్మా. కాలం మనకు చేరవేసేది బతికి బయటపడ్డవాళ్ల సాక్ష్యమే. అందుకే ఈ పేజీ ఇక్కడే వదిలేయండి. మూసిన గదిలో నిప్పు ఉంటే, లేవండి. తలుపు తీయండి. దాన్ని ఇప్పుడే బయట పెట్టండి.