మూడు బిందెల నెత్తురు

సినిమా చూడాలంటే సెల్లు అంగడికి పోయి, మెమరీ కార్డు చేతికిచ్చి, అది నిండేదాకా బయట బల్ల మీద కూర్చోవలసిన కాలం ఒకటి ఉండేది. మరీ పాత కాలమేమీ కాదు. అయినా ఇప్పుడు మా ఇంట్లో చిన్నవాళ్లకు చెబితే నన్నేదో రాజుల కాలం మనిషిని చూసినట్టు చూస్తారు. అప్పటికి నేను డిగ్రీ రెండో ఏడు మధ్యలో వదిలేసి, మైదుకూరు గ్రంథాలయంలో పొద్దున తాళం తీసేటప్పుడు లోపలికి పోయి, సాయంత్రం తాళం వేసేటప్పుడు బయటికి వచ్చే మనిషిని. పుస్తకాలు సర్దిపెట్టినందుకు గ్రంథపాలకుడు మధ్యాహ్నం టీ ఇప్పించేవాడు. (ఏం చేస్తుంటావని ఎవరైనా అడిగితే 'గ్రంథాలయంలో ఉంటాను' అని గంభీరంగా చెప్పేవాడిని. అబద్ధం కాదు గదా.) ఒక విషయం మీద ఒక పుస్తకం చదివితే దాని గురించి పదిమందికి చెప్పవచ్చుననీ, రెండు చదివితే ఆ పని స్వయంగా చేసి చూపించవచ్చుననీ నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకమే నా చేత ఊరి బయట మూడు బిందెల నెత్తురు పారించింది.

సెల్లు అంగడి నడిపేవాడు నా చిన్ననాటి స్నేహితుడు. అందరూ వాణ్ని 'చిప్పు' అనేవాళ్లు. వాడొకసారి నా కార్డులో ఒక జాంబీ సినిమా వేసి ఇచ్చాడు. చచ్చినవాళ్లు లేచి, బతికినవాళ్లను కొరుక్కు తినే కథ. సినిమా నిండా నిలువు గీతలు. బొమ్మ ఎగిరెగిరి పడుతోంది. సరిగ్గా కథ ముదిరే చోట ఒక ముక్క మొత్తం మాయమైపోయింది. నేను మండిపడుతూ అంగడికి పోయాను.

"ఏంబ్బీ, గీతలు పడ్డ కాపీ అంటగడతావా నాకు?"

"కాపీ బాగానే ఉండాది. వాళ్లే అట్ల తీసినారప్పా."

"ఎవడన్నా కొత్త సినిమాను తనంతట తానే గీకి పాడు చేసుకుంటాడా?"

"నన్నడుగుతావేంది? సదువుకునేటోనివి నువ్వు. పోయి నీ పుస్తకాల్లో సూడు పో."

ఆ చివరి మాట నాకు సవాలుగా తోచింది. నాలుగు రోజులు వెతికితే అడుగు బీరువాలో అట్ట లేని సినిమా చరిత్ర ఒకటి దొరికింది. అందులో ఉంది రహస్యం. పరాయి దేశాల్లో పూర్వం, పెచ్చులూడిన చవక హాళ్ల కోసం అతి తక్కువ ఖర్చుతో తీసిన సినిమాలు ఉండేవట. కథను నమ్ముకుని కాదు, గోడకంటించిన బొమ్మను చూసి జనం రావాలన్న లెక్కతో తీసినవి. నెత్తురు బకెట్లతో పోసేవారు, అరుపులు గంపలతో కుమ్మరించేవారు. ఆ రీళ్లు ఊరూరా తిరిగి, అరిగి, తెగి, గీతలు పడి ఉండేవి. అవి చూస్తూ పెరిగినవాళ్లు పెద్దయ్యాక, ఆ రుచి మరువలేక, కొత్త సినిమాలకు కూడా ఆ గీతలు కావాలని పెట్టుకున్నారు. కొత్త పంచెకు కాస్త మట్టి రాసుకుని కట్టుకున్నట్టు. అది చదివి మళ్లీ ఆ సినిమా చూశాను. ఈసారి పూర్తిగా వశమైపోయాను. అది మనల్ని మోసం చేయాలని చూడదు. ఇది రంగునీళ్లని మనకు తెలుసు, మనకు తెలుసునని దానికీ తెలుసు. అయినా పోస్తూనే ఉంటుంది. తెగిన చెయ్యి కూడా పోయి ఒకడి కాలు పట్టుకుంటుంది. అందులో భూములున్న ఆసామీ, ఆయన దగ్గర పనిచేసేవాడు ఒకే వేగంతో, ఒకే వంకర నడకతో నడుస్తారు. అంత సమానత్వం నేను మా ఊళ్లో పెళ్లి భోజనాల్లో కూడా చూడలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే నాయన నా సంగతి తేల్చేయాలని నిర్ణయించుకున్నాడు. బద్వేలులో మా మేనమామకు ఎరువులు, పురుగుమందుల అంగడి ఉండేది. నన్ను అక్కడ కూర్చోబెట్టాలని ఆయన ఆలోచన. నేను కడపలో ఒక కాలేజీవాళ్లు చిన్న సినిమాలు ప్రదర్శిస్తున్నారనీ, నేనొకటి తీసి పంపుతాననీ, అంతవరకు ఆగమనీ బతిమాలాను. నాయన పసుపు కొమ్ములు ఏరుతూ, తలెత్తకుండానే అన్నాడు.

"నీ సదువు నీకు తప్ప ఇంకొకరికి పనికొచ్చేది నేను ఇంతవరకు సూడలా. సరే, ఆ కడప ఆట అయ్యేదాకా ఆగుతా. ఆడ అది ఎవరికీ నచ్చకపోతే, ఆ మర్సనాడు బద్వేలు బస్సెక్కాల."

పుస్తకాల మధ్య బతకడమా, పురుగుమందుల మధ్య బతకడమా అనేది పది నిమిషాల సినిమా మీద ఆధారపడింది. తీయాలంటే కెమెరా కావాలి. పెళ్లిళ్లు తీసే స్టూడియో అన్న మంచివాడే కానీ, ముహూర్తాల కాలంలో ఆయనకు ఊపిరి సలపదు. క్యాలెండరు తిరగేసి ఒక ఆదివారం మీద వేలు పెట్టాడు. "ఆ పొద్దయితే అమావాస్య. ఎవరూ పెండ్లి చేసుకోరు. పొద్దు మునిగేదాకా కెమెరా నీదే, నేనే వచ్చి తీస్తా." నేను పొంగిపోయాను. (ఆదివారం అమావాస్య అనే మాటలోని బరువు నా బుర్రకు అప్పుడు ఎక్కలేదు. నేను వెలుతురు గురించి మాత్రమే ఆలోచిస్తున్నాను.)

తర్వాత నెత్తురు. మొదట చక్కెర పాకంలో ఎర్ర రంగు కలిపి చూస్తే ఊళ్లో ఉన్న చీమలన్నీ సినిమాలో నటించడానికి వచ్చాయి. అప్పుడు నా గ్రంథాలయ జ్ఞానం నన్ను ఆదుకుంది. పసుపులో ఉన్న రంగుకు సున్నం తగిలితే ఎర్రగా మారుతుందని ఒక రసాయన శాస్త్ర పుస్తకంలో చదివాను. మా ఇంట్లో పసుపుకు కరువా? నీళ్లలో పసుపు, సున్నం కలిపితే అచ్చం నెత్తురు! నేనేదో కొత్త సంగతి కనిపెట్టినవాడిలా మూడు బిందెలు నింపాను. శవాలు లేచి ఊరి మీదికి నడిచి వచ్చే చోటుగా మూడు దార్లు కలిసే కూడలిని ఎంచుకున్నాను. వెనుక కొండ, దాని మీద వాలుతున్న పొద్దు. అంతకంటే ఏం కావాలి?

శవాల బాధ్యత మా చిన్నత్త తీసుకుంది. నాయన చెల్లెలు. పసుపు తవ్వే కూలీల గుంపుకు ఆమే పెద్ద. సెలవు రోజు పదమూడు మందిని వెంటబెట్టుకుని వచ్చింది, తనతో పద్నాలుగు. అందరి మొహాలకు బూడిద పూశాను. చిన్నత్తకు మాత్రం కథ మీద అనుమానాలు తీరలేదు.

"సచ్చినోళ్లకు ఆకలెట్లయితాది రా?"

"అదొక జబ్బత్తా. కొరికితే అంటుకుంటాది."

"అట్లనా. మరి నేనెవరిని కొరకాల?"

నేను పక్కనున్న పెద్దమనిషిని చూపించాను. ఆమె నోరు నొక్కుకుంది. "ఓరి నీ సినిమా పాడుగాను! ఆయప్ప నాకు వియ్యంకుడవుతాడు. రేపు మొగమెట్ల సూపియ్యాల?" అరగంట సేపు ఎవరు ఎవరిని కొరకవచ్చో వరసలు తేల్చుకున్నాం. చివరికి అందరూ చిప్పును కొరకాలని తీర్మానమైంది. వాడికి ఊళ్లో చుట్టరికాలు తక్కువ.

పొద్దు కొండ మీదికి వాలింది. నేను మూడు బిందెల నెత్తురూ కూడలి నిండా కుమ్మరించి, "నడవండి!" అని అరిచాను. ఒక్క శవమూ కదల్లేదు. అందరూ నేల వైపు, తర్వాత నా వైపు చూశారు. అప్పుడు చిన్నత్త చాలా నెమ్మదిగా అడిగింది.

"ఏందిరా ఇది? దేంతో కలిపినావు?"

"పసుపు, సున్నం అత్తా."

"ఆదివారం, అమావాస్య. మూడుదార్ల కాడ మూడు బిందెల దిష్టి నీళ్లు పోసి, మమ్మల్ని తొక్కమంటాండావా?"

ఇంటింటా బిడ్డలకు దిష్టి తీసి, ఎవరి కాళ్లకూ తగలకూడదని దారి కూడలిలో పారబోసే ఎర్రనీళ్లు అవే. పుట్టినప్పటినుంచీ చూస్తున్న విషయం. నా తలలో రసాయన శాస్త్రం నిండిపోయి అది కాస్తా బయట పడిపోయింది. ఇది దిష్టి కాదు, రంగు అని ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు. ఇక గతిలేక శవాల గుంపులోనే ఉన్న మా ఊరి పాస్టరు తమ్ముడి దగ్గరికి పోయాను. ఆయన ప్రతి క్రిస్మస్ నాటకంలోనూ వేషం కట్టినవాడు. "అన్నా, మీకు ఇట్లాంటియి పట్టింపు లేదు గదా, నువ్వన్నా నడువు." ఆయన గంభీరంగా తలూపాడు. "మాకు దిష్టి గిష్టి ఏమీ లేదప్పా. శుద్ధ అజ్ఞానం." అని బురద గట్టు మీదుగా చుట్టూ తిరిగి అవతలికి చేరుకున్నాడు. ఎందుకట్లా పోయావంటే, "చెప్పులు కొత్తవి" అన్నాడు.

ఇంతలో నాయన వచ్చాడు. కొడుకు ఊరికంతటికీ దిష్టి నీళ్లు పోస్తున్నాడని ఎవరో చెప్పి ఉంటారు, పసుపు పాలిష్ పట్టే డ్రమ్ము దగ్గరినుంచి ఉన్నపళంగా వచ్చేశాడు. నెత్తి నుంచి పాదాల దాకా పసుపు దుమ్ము. కనురెప్పలు కూడా పచ్చగా ఉన్నాయి. ఆయన ఎట్లాంటి మనిషంటే, దారిలో కోసిన నిమ్మకాయ కనిపిస్తే మోటారు సైకిలు తిప్పుకుని రెండు కిలోమీటర్లు చుట్టి వచ్చే మనిషి. ఆ ఎర్ర మడుగుకు బారెడు దూరంలోనే ఆగిపోయాడు. చిన్నత్త నవ్వుతూ అందుకుంది.

"సూడన్నా, నీ కొడుకు చెప్తే ఒక్క శవం గూడా లేయడంల్యా!"

అందరూ గొల్లున నవ్వారు. నేను రాసుకున్న కాగితాలు చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాను. చెమటకు సిరా పాకి అక్షరాలు కనిపించడం లేదు. కొండ మీద పొద్దు ఇంక బెత్తెడు మాత్రం మిగిలింది. నాయన నన్నూ, కాగితాలనూ, నవ్వుతున్నవాళ్లనూ ఒకసారి చూశాడు.

"నగడానికేముండాదిమ్మే? వాడు రెన్నెల్లు కూచోని రాసుకున్యాడు." అని, నా వైపు తిరిగాడు. "యాడ నడసాల?"

"వద్దులే నాయనా, నీకు…"

"యాడ నడసాలో చెప్పు."

చూపించాను. చెప్పులు విడిచాడు. కుడిచేత్తో పంచె మోకాళ్ల దాకా ఎత్తి పట్టుకున్నాడు. పెదవులు కదిలాయి, ఏ దేవుణ్ని తలచుకున్నాడో తెలియదు. కళ్లు గట్టిగా మూసుకుని, వణికే కాలును ఆ ఎర్రనీళ్లలో పెట్టాడు. నేను చూసిన ఏ సినిమాలోనూ అట్లాంటి శవపు నడక ఎవరూ నడవలేదు. "అన్నే నడిచినాక మనకేం పుట్టె!" అని చిన్నత్త కొంగు ఎత్తి దోపుకుని వెనకే దిగింది. ఆమె వెనక మిగతా పదమూడు మంది. పాస్టరు తమ్ముడు కొత్త చెప్పులు చేత్తో పట్టుకుని, అవతలినుంచి తిరిగి వచ్చి మరీ దిగాడు. "బట్టలు వదలండి! శవాలు బట్టలు ఎత్తిపట్టుకోవు!" అని నేను గొంతు చించుకున్నాను. ఒక్కరూ వదల్లేదు. స్టూడియో అన్న తీస్తూనే ఉన్నాడు. పొద్దు మునిగింది. మళ్లీ తీసే అవకాశం లేదు.

ఆ సాయంత్రం మా అమ్మ నాయనను వాకిట్లోనే ఆపి దిష్టి తీసింది. (దేనితో తీసిందో వేరే చెప్పాలా?)

కడపకు నాయన కూడా వచ్చాడు. పంచె మార్చుకుని, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, హాల్లో నా పక్కన బిగుసుకుని కూర్చున్నాడు. మా సినిమాకు స్టూడియో అన్న కష్టపడి గీతలు కూడా పెట్టాడు. మనుషులను తినడానికి బయలుదేరిన పద్నాలుగు శవాలు, ముందు పసుపు మొహంతో మరొకటి, అన్నీ నెత్తుటి మడుగులో బట్టలు తడవకుండా జాగ్రత్తగా ఎత్తి పట్టుకుని వస్తున్నాయి. హాలు నవ్వుతో పగిలిపోయింది. ఈలలు వేశారు. భయపడతారనుకున్న చోటల్లా కడుపు పట్టుకున్నారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. నాయన నా వైపు వంగాడు.

"ఎందుకు నగుతాండారు వీళ్లు? నేనేమన్నా తప్పు చేసినానా?"

ఆ గొంతులోని బెదురు నేను అంతకుముందెప్పుడూ వినలేదు. "తప్పు గాదు నాయనా. ఈ రకం సినిమాలో జనం నగితేనే బాగా చేసినట్టు. పుస్తకంలో రాసినారు." (పుస్తకంలో అట్లా ఎక్కడా లేదు. కానీ రాసి ఉండవలసింది.) నాయన వెనక్కి ఆనుకుని కూర్చున్నాడు. కాసేపటికి, "మళ్లా ఒకసారి ఏస్తారేమో అడుగు" అన్నాడు.

బహుమతి రాలేదు. కానీ బయటికి వస్తుంటే కాలేజీ పిల్లలు ఐదారుగురు చుట్టుముట్టి, "ఆ ముందు నడిచింది మీరే కదా సార్?" అని నాయనతో ఫోటోలు దిగారు. ఆయన ప్రతి ఫోటోకూ పంచె కొంచెం ఎత్తి పట్టుకున్నాడు. వాళ్లు అడక్కుండానే.

తిరుగు బస్సులో మామ ఫోన్ చేశాడు. మామ ఫోన్‌లో మాట్లాడితే బస్సులో సగం మందికి వినిపిస్తుంది. "ఏం బావా, రేపు పిల్లోన్ని పంపిస్తాండావు గదా?"

నేను కిటికీ వైపు తిరిగాను. నాయన గొంతు సవరించుకున్నాడు. "ఇప్పుడే రాడులే. వానికి ఈడ పనుండాది."

"పనా? ఏం పని?"

నాయన ఒళ్లోని చేతిసంచి సర్దుకున్నాడు. ఆయన ఎప్పుడూ అబద్ధం చెప్పే మనిషి కాదు.

"సచ్చినోళ్లను నడిపిస్తాడు" అన్నాడు.

ముందు సీటు ఆవిడ వెనక్కి తిరిగి నన్ను ఎగాదిగా చూసి, తన సంచి తీసి అవతలి పక్కన పెట్టుకుంది. రెండేళ్ల తర్వాత ఎవరూ పంపకుండానే నేనే బద్వేలు పోయి మామ పక్కన కూర్చున్నాను. మందు డబ్బాల మీద ఉన్న చిన్న అక్షరాలు రైతులకు చదివి చెప్పడం నా పని. తర్వాత నా సొంత అంగడి కూడా పెట్టుకున్నాను, జీవితం బాగానే ఉంది. కానీ ఆ సాయంత్రం మైదుకూరు బస్సులో నాయన నాకిచ్చిన ఉద్యోగమంత పెద్దది, నాకు మళ్లీ దొరకలేదు.