పోరంబోకులో మా మావగారి కాటేజీ

మా మావగారు ఉద్యోగం చేసినన్నాళ్ళూ బందరులో ఒకే సీటులో కూర్చున్నారు. ప్రభుత్వ భూములు ఆక్రమించుకున్నవాళ్ళకి నోటీసులు తయారుచేసే సీటు అది. రిటైరయ్యాక ఆయనకి పుట్టిన మొదటి కోరిక కాస్త ప్రభుత్వ భూమి ఆక్రమించుకోవడం. ఇందులో ఆయనకి వింతేమీ కనపడలేదు. నాకు కనపడింది గానీ, ఆ ఇంట్లో కోడలికి కనపడేవి ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

మంగినపూడి దాటాక సరుగుడు తోటకీ సముద్రానికీ మధ్య ఇసుక నేల ఒకటుంది. పోరంబోకు, అంటే సర్కారుది. అక్కడ వరసగా తాటాకు పాకలుండేవి, వాటిల్లో వేటకెళ్ళేవాళ్ళూ చేపలమ్ముకునేవాళ్ళూ ఉండేవారు. వరస చివరి పాకలో ఉండే ఆవిడ వారానికోసారి బందరొచ్చి మా వీధిలో ఎండు రొయ్యలు అమ్మేది. మొగుడు వేటకెళ్ళి తిరిగి రాలేదు, పిల్లల్లేరు. ఆ పాకా, దాని ముందు చేపలు ఎండబెట్టుకునే ఇసుకా, ఇవే ఆవిడ ఆస్తి. "మా కాడ గాలి బాగుంటదండీ," అని ఒకరోజు మా అరుగు మీద తట్ట దించుకుంటూ మావగారితో అంది, పాపం. ఆ మాటే ఆవిడ కొంప తీసింది.

ఆ ఆదివారమే ఆయన వెళ్ళి నేల చూసుకున్నారు. "ఇక్కడొక చిన్న కాటేజీ వేసుకుంటానమ్మా, సెలవు రోజుల్లో వచ్చిపోతుంటాను," అన్నారు ఆవిడతో. పాక అనడానికి ఆయనకి నోరు రాలేదు. ఆ వరసలో ఒక కట్టుబాటు ఉంది. కొత్తగా వచ్చేవాడు పక్కపాక వాళ్ళని అడగాలి. వాళ్ళు సరేనంటే వరసలో వాళ్ళే వచ్చి గుంజలు పాతిపెడతారు. సిమెంటు వాడకూడదు, కంచె కట్టకూడదు, అన్నిటికంటే ముఖ్యం, సర్కారు ఆఫీసు గడప తొక్కకూడదు. అధికారుల కళ్ళ పడకుండా ఉన్నంతకాలమే అక్కడ ఉండగలమని వాళ్ళకి తెలుసు. ఆవిడ సరేనంది. తను చేపలు ఎండబెట్టుకునే ఇసుకలో సగం ఆయనకి వదిలిపెట్టింది.

ఖర్చు సంగతి రోజూ భోజనాల దగ్గర వినేవాళ్ళం. దివిసీమ నుంచి తెప్పించిన తాటాకుకీ, సరుగుడు వాసాలకీ అయింది తక్కువే. కిటికీలకి దోమతెరలు, గుడివాడలో చేయించిన పడక్కుర్చీ, గుమ్మం మీద పేరు పలక, వీటికే డబ్బంతా పోయింది. అవును, పోరంబోకులో పాకకి పేరు పలక. పేరు కింద రిటైర్డ్ అని కూడా రాయించారు, సముద్రానికి తెలియాలిగా!

అంతటితో ఊరుకుంటే బాగుండేది. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు. "నేనక్కడ ఉన్నట్టు రుజువేదీ?" అని దిగులు పట్టుకుంది ఆయనకి. ప్రభుత్వ నేల మీద ఇల్లు వేసుకున్నవాడికి, నువ్వు ఆక్రమించావు, జరిమానా కట్టు అని ఒక నోటీసిస్తారు. దాన్ని బీ-మెమో అంటారు. నిజానికది తిట్టు కాయితం. మా వైపు జనం మాత్రం దాన్ని దీవెనలా దాచుకుంటారు. ఫలానా మనిషి ఫలానా చోట ఉన్నాడని సర్కారే సంతకం పెట్టినట్టు కదా, రేపు పట్టాలిచ్చే రోజున చూపించుకోవచ్చని ఆశ. ఊరందరికీ బీ-మెమోలు రాసిన మనిషికి తనకంటూ ఒక్కటీ లేకపోయింది!

నన్ను స్కూటరు తియ్యమని వీఆర్వో దగ్గరికి బయల్దేరారు.

"నాకొక బీ-మెమో ఇప్పించాలండీ."

వీఆర్వో నవ్వాడు. "వద్దని బతిమాలేవాళ్ళనే చూశాను గానీ, ఇమ్మని అడిగింది మీరేనండీ. ఎందుకండీ, హాయిగా ఉండండి. మీ ఒక్కరికి రాస్తే కుదరదు, వరసంతా రాయాలి. రాస్తే పైకెళ్తుంది. పైకెళ్ళాక నా చేతుల్లో ఏముంటుంది చెప్పండి?"

"రాయండి. రూలు రూలే."

బయటికొచ్చాక ఉండబట్టలేక, "వాళ్ళనొక మాట అడగాల్సింది మావయ్యగారూ," అన్నాను.

"నీకు తెలీదమ్మాయ్. వాళ్ళకి హక్కు పుట్టిస్తున్నాను," అన్నారు, స్కూటరు వెనక సీటు మీద కాళ్ళు సర్దుకుంటూ.

నోటీసులొచ్చాయి. ఆయన తనది లామినేషన్ చేయించుకున్నారు. చివరి పాక ఆవిడ తనది తీసుకుని భయం భయంగా మా ఇంటికొచ్చింది. ఆయన చదివి, "ఇది బంగారం అనుకో. పెట్టె అడుగున దాచుకో," అన్నారు.

"ఇంకేం చెయ్యక్కర్లేదాండీ బాబుగారూ?"

"దాచుకో, చాలు."

ఆవిడ కాయితం కళ్ళకద్దుకుంది. ఆ రోజు రొయ్యలకి డబ్బులు కూడా పుచ్చుకోలేదు. ఆయన ఇవ్వబోనూ లేదు.

నోటీసు కింద ఇంకో సంగతి ఉందని నాకు తర్వాత తెలిసింది. గడువులోగా జవాబు రాసుకోవాలి, లేకపోతే ఖాళీ చేయిస్తారు. ఆయన జవాబు రాశారు, పేజీలకి పేజీలు. కోర్టులో పాత స్నేహితుల్ని పట్టుకుని స్టే కూడా తెచ్చుకున్నారు. వరసలో మిగతావాళ్ళందరూ ఆయన చెప్పినట్టే కాయితాలు పెట్టెల్లో దాచుకున్నారు. పాకలు కూల్చడానికి పొక్లెయిన్ వచ్చిన పొద్దున ఆ పెట్టెలే ముందు బయట పడేశారు.

"జవాబు రాయాలని వాళ్ళకెందుకు చెప్పలేదండీ?" అని మావగారికి అన్నం వడ్డిస్తూ అడిగాను.

"వాళ్ళు అడగలేదుగా."

అడిగింది. ఆవిడ అడగడం నా చెవులతో విన్నాను. ఆ క్షణాన ఆయన మీద నాకు కోపం రాలేదు, రోత పుట్టింది. వడ్డించిన అన్నం ఆయన కలుపుకుంటుంటే చూడలేక వంటింట్లోకి వెళ్ళిపోయాను. మావారు మాత్రం, "నాన్నగారు రూలు ప్రకారమే చేశారు," అన్నారు. విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా!

తర్వాతి ఆదివారం అందరం కాటేజీకి వెళ్ళాం. ఇసుకంతా చదును చేసేశారు, మధ్యలో మాదొక్కటే మిగిలింది, పేరు పలకతో సహా. మావగారు పడక్కుర్చీలో వాలి, "చూశావా అమ్మాయ్, ఇప్పుడు అడ్డం లేకుండా గాలి ఎంత బాగా వస్తోందో," అన్నారు.

ఆవిడ తుఫాను షెల్టరు వైపు నుంచి తట్టతో వచ్చింది. అక్కడ వరండాలో తలదాచుకుంటోందట. తట్ట దించి, "బాబుగారూ, మీరు ఆదివారాలే కదండీ వచ్చేది. మిగతా రోజులు ఈ వసారాలో పడుకుంటానండి. బాడుగ ఎంతిమ్మంటారు?" అంది.

ఆయన లేచి కూర్చున్నారు. "ఛ ఛ, ఇది సర్కారు నేలమ్మా, బాడుగ పుచ్చుకుంటే నేరం. పైగా స్టే నా ఒక్కడి పేరు మీదుంది. ఇంకో మనిషి ఉన్నట్టు తేలితే అదీ పోతుంది."

ఆవిడ కాళ్ళ కింది ఇసుక చూపించింది. "పోనీ, ఈ ముందర చేపలైనా ఎండబెట్టుకుంటానండి?"

"వాసనమ్మా," అన్నారాయన, ఎంతో నెమ్మదిగా.

ఆవిడ తట్ట ఎత్తుకోవడానికి వంగింది. నేను లేచి దాన్ని ఆవిడ తలకెత్తాను. ఆవిడ ఇసుకలో తోట దాకా వెళ్ళేవరకూ అక్కడే నిలబడ్డాను.

"కాఫీ పొయ్యమ్మాయ్," అన్నారు మావగారు.

ఫ్లాస్కు నా కాళ్ళ దగ్గరే, ఆయనకి కనపడుతూనే ఉంది.

"తేలేదండీ," అన్నాను.