మామ రికార్డు ప్లేయర్‌కు నేను చేసిన రిపేర్లు

మొన్న ఆదివారం మా మామ ముందు నా పరువు పోయింది. ఎట్లా పోయిందో చెప్తా, చాయ్ తాగుతూ వినండి.

మామ ఉండేది నెక్కొండలో. అత్తమ్మ పోయాక రికార్డు ప్లేయర్ తెచ్చి మా ఇంట్లో పెట్టి పోయాడు. ఆమె రోజూ వినే పాట ఒక్కడే కూర్చుని వినడం ఆయన వల్ల కాలేదు, పాపం. అట్లాంటి మనిషి అంతకు ముందు వారం కబురు పంపాడు: "ఆదివారం వస్త. ఆ పాట ఒక్కసారి వినాలె."

నా గుండెల్లో రాయి పడింది. రెండో చరణం రాకముందే ముల్లు ఎగిరి పక్క గీతలో పడుతోంది మరి.

హన్మకొండ పోయి కొత్త ముల్లు తెచ్చా. బెంచీకి ఆ చివర ప్లేయర్, ఈ చివర నేను. విన్నా. ఎగిరింది. వోల్టేజీ అనుకుని పక్కింటి స్టెబిలైజర్ అడుక్కొచ్చా. ఎగిరింది. వైరు మార్చా. బెంచీ కాలు కింద అట్టముక్క దోపా. ముల్లుకు బరువు చాలట్లేదేమో అని పైన పది పైసల బిళ్ళ అంటించా. కూర్చుని విన్నా, మళ్ళీ అదే కథ.

"నేనొక్కదాన్ని పెట్టుకుంటే మంచిగనే పాడ్తది గద" అంది నా భార్య సుగుణ.

"ఇది టెక్నికల్ విషయం, నీకు తెల్వదు" అన్నా, పెద్ద ఇంజనీరునైనట్టు.

ఆదివారం మామ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. పెద్దాయన ముందు ఒద్దికగా ఉండాలని నేను బెంచీ మీద కాళ్ళు మడిచి కూర్చున్నా. సుగుణ పాట పెట్టింది. రెండో చరణం వచ్చింది, దాటింది కూడా.

"మంచిగ చేసినవు అల్లుడా" అన్నాడు మామ, కళ్ళు తుడుచుకుంటూ.

నాకు అన్నం వడ్డిస్తూ అత్తమ్మ ఈ పాటే కూనిరాగం తీసేది. నాకూ ఏడుపొచ్చింది. ఒళ్ళు మరిచి కాళ్ళు కిందికి దించా. ముల్లు ఎగిరింది.

మామ ప్లేయర్ వైపు చూడలేదు, నా మోకాలి వైపు చూశాడు. అది కుట్టుమిషన్ తొక్కుతున్నట్టు ఆడుతోంది. దాంతోపాటు బెంచీ, బెంచీతో పాటు ప్లేయర్. పాట వింటే నా కాలు ఆగదని నాకే తెలియదు.

ఆయన లేచొచ్చి నా పక్కన కూర్చుని మోకాలి మీద చెయ్యేశాడు. "మీ అత్త గూడ గిట్లనే ఊపేది. పాట అయ్యేదాక నేను పట్టుకొని కూసునేటోన్ని."

సుగుణ పాట మళ్ళీ మొదట్నుంచి పెట్టింది. అది అయిపోయేదాకా ఆయన చెయ్యి తీయలేదు.

"ఇగ పాట పెట్టేముందు ఈయన కాలు కట్టేస్త, బాపూ" అంది సుగుణ.

"కట్టకు బిడ్డా. ఆదివారం ఆదివారం నేనే వస్త, పట్టుకోనీకి."

ప్లేయర్లో పార్టులన్నీ మార్చా కదా, చెడిపోయిన పార్టు నేనే. దాని రిపేరుకు ఇక వారం వారం నెక్కొండ నుంచి మెకానిక్ వస్తాడు.