పసుపు పెట్టని రౌటర్

డిగ్రీ చేతికొచ్చి కొలువు రాని రోజుల్లో మనిషికి నోరొక్కటే పనిచేస్తుంది. నాకది కాస్త ఎక్కువగానే పనిచేసేది. మానుకోట హేతువాద సభల్లో కుర్చీలు వేయడంతో మొదలై, చివరి వరుసలోంచి లేచి ప్రశ్నలడిగే స్థాయికి ఎదిగాను. (ఎవరూ జవాబు చెప్పకపోతే గెలిచినట్టు లెక్క.) ఆ గెలుపులతో కడుపు నిండదని గ్రహించిన మా అమ్మ నన్ను జనగామలో మేనమామ కట్టె కార్ఖానాకు తోలింది. తలుపులు, దర్వాజాలు చేసే చోటు అది. మామ, ఆయనతో ఏళ్లుగా పనిచేస్తున్న భాయ్, ఆ తర్వాత నేను. నా పని తలుపు అటు కొస పట్టుకోవడం.

కార్ఖానాలో అందరికంటే ఎక్కువ గౌరవం రౌటర్‌ది. రెండు చేతులతో పట్టుకుని నడిపే ఆ మిషను తలుపుల మీద తీగలు, పువ్వులు చెక్కుతుంది. దాని కొసన గిర్రున తిరిగే కోత ముక్క, బిట్టు, కంటికి ఆనదు, చేతికి మాత్రం ఆనుతుంది. దాని గాలి రంధ్రాల్లో, బిట్టు కాడను బిగించి పట్టుకునే కాలెట్ చీలికల్లో కట్టె పొట్టు చేరి గట్టిపడుతుంది. రోజూ తుడవాలి. ఎవరూ తుడవరు. తుడిచేది ఏడాదికోసారి, దసరా ముందురోజు. మర్నాడు మిషన్లకు పసుపు కుంకుమ పెట్టాలి, మురికి మొహానికి ఎవరు మాత్రం బొట్టు పెడతారు? నేను చూసిన మొదటి దసరాకు ఆ పని భాయ్ చేశాడు. ప్లగ్గు పీకి, ఇంకెవరూ పెట్టకుండా వైరును తన మెడలోనే వేసుకుని కూర్చున్నాడు. బిట్టు విప్పి దానికంటిన జిగురును కిరసనాయిలు గుడ్డతో తుడిచి ఆరబెట్టాడు. కాలెట్‌ను పొడి బ్రష్షుతో గీకాడు, చుక్క నూనె తగలనివ్వలేదు. "పండుగ మీది, తానం పోసుడు నాది," అని నవ్వాడు.

నాకా బొట్టు కనిపించింది గానీ తానం కనిపించలేదు. రెండో దసరా దగ్గరపడగానే వాదనకు దిగాను.

"మామా, మోటరుకు బొట్టు ఎందుకు? కరెంటు బిల్లేమన్న తగ్గుతదా?"

"అన్నం పెడ్తున్నది గదరా. జర మొక్కితె నీదేం పోతది?"

"అన్నం పెట్టేది నీ చేతులు. వాటికే మొక్కుకో."

చాయ్ తాగేటప్పుడు వాదించాను, అన్నం తినేటప్పుడు వాదించాను, ఆయన తలుపు చెక్కుతూ ఎటూ తప్పించుకోలేనప్పుడు మరీ వాదించాను. చివరికి మామ విసిగిపోయాడు. "సరే తియ్‌రా. ఈసారి పసుపు లేదు, కుంకుమ లేదు. నీ నోరు ఆగితె సాలు." భాయ్ వైపు తిరిగి, "నీకు గూడ పని తప్పింది, ఇంటికి పో," అన్నాడు. భాయ్ సంతోషంగా భూపాలపల్లి బస్సెక్కాడు. మాటలతో ఒక పూజను ఆపిన మొనగాడిగా నేను ఆ సాయంత్రం జమ్మి దగ్గరికి ఛాతీ విరుచుకుని నడిచాను. (చూడ్డానికే.)

పండుగ వెళ్లాక రఘునాథపల్లి వాళ్ల గృహప్రవేశం తలుపు పనికి వచ్చింది. మంచి టేకు. భాయ్ ఇంకా ఊరినుంచి రాలేదు. మామ తీగ చెక్కుతుంటే మిషను మూలగసాగింది, కాలిన వాసన వచ్చింది. "ఏందిరా గిట్ల గుర్రుమంటున్నది," అన్నాడు గానీ ఆపలేదు. పొట్టు పట్టిన కాలెట్‌లో బిట్టు పట్టు తప్పి జారింది, కట్టెలోకి లోతుగా దిగబడింది, మిషను ఎగిరింది. మామ ఎడమ చేతిని లుంగీలో చుట్టుకుని, "ప్లగ్గు పీక్‌రా," అన్నాడు. దవాఖానలో చూపుడు వేలు మొదటి కణుపు దాకా తీసేశారు.

వాడకట్టంతా ఒకటే మాట. చూడ్డానికొచ్చిన పక్కింటి అవ్వ మంచం పక్కనే తేల్చేసింది. "మొక్కకుంటె ఊకుంటదా బిడ్డా. ఇనుముకు గూడ పానముంటది."

"దేవుడు కాదవ్వా, పొట్టు. కాలెట్ల పొట్టు ఇరికింది," అన్నాను.

"మరి గా పొట్టు పోయినేడు ఎందుకు ఇరకలే?"

పోయినేడు పూజ చేశాం కాబట్టి. ఆ జవాబు చెప్తే గెలిచేది అవ్వే. ఏ సభలోనూ నన్నెవరూ అలా కూర్చోబెట్టలేదు. భాయ్ తిరిగొచ్చి మిషను విప్పి, గీకిన నల్లటి పొట్టును అరచేతిలో పోసుకుని నాకు చూపించాడు. "నువ్వు జెప్పేది నిజమే తమ్మీ. గని ఎవలకు జెప్తవ్?" అన్నాడు.

నా వాదన అప్పుడూ తప్పు కాదు, ఇప్పుడూ కాదు. ఏ వేదిక మీదైనా మళ్లీ చెప్తాను: రౌటర్‌కు పసుపు తెలియదు, కోపమూ తెలియదు. ఏడాదికోసారైనా ప్లగ్గు పీకించి పొట్టు తుడిపించిన ఆచారాన్ని తీసేసి, ఆ చోట ఖాళీ పెట్టాను, అంతే. మామకు మాత్రం వేలితోపాటు ధైర్యమూ పోయింది. పువ్వులు, తీగలు మానేశాడు. ఇప్పుడు తలుపు అంచులకు గాడి కొట్టడం వరకే. భాయ్ మహదేవపూర్‌లో కొడుకు దగ్గరికి వెళ్లిపోయాడు, నేను మానుకోటకు తిరిగొచ్చేశాను. అందుకని నెలకోసారి నేనే జనగామ పోయి, ప్లగ్గు పీకి, కళ్లద్దాలు, మాస్కు పెట్టుకుని మిషను శుభ్రం చేస్తాను.

మొన్న మామ గుమ్మంలో నిలబడి అడిగాడు. "నెలనెలా ఇంత నిష్ఠగ వచ్చి చేస్తున్నవ్. ఏం మొక్కుకున్నవ్‌రా అల్లుడా?"

జవాబు చెప్పాలంటే మాస్కు తీయాలి. పొట్టు ఇంకా ఎగురుతోంది. బ్రష్షుతో కాలెట్‌ను మళ్లీ గీకసాగాను.